ఈఎల్84తో తొలి వాల్వు యాంప్లిఫయరు: స్పీకరు నుంచి వెనక్కి లెక్క కట్టే పద్ధతి

వాల్వు (గాజు వాక్యూమ్ ట్యూబు) యాంప్లిఫయరును సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవారిలో చాలామంది ముందుగా వాల్వును ఎంచుకుంటారు, తరవాత ఎక్కడో దొరికిన సర్క్యూటును ఉన్నదున్నట్టు దించుకుంటారు, చిట్టచివర మిగిలిన డబ్బుతో చేతికందిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కొని తగిలిస్తారు. ఈ వరసను పూర్తిగా తిరగేయడం మంచిది. మన దగ్గరున్న స్పీకరుకు ఎంత శక్తి చాలు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు, దాని నుంచి పవర్ వాల్వుకు, ఆ తరవాత దాన్ని నడిపే డ్రైవరు దశకు, ఆఖరున పవర్ సప్లైకి వెనక్కి నడుచుకుంటూ వస్తే, ప్రతి భాగం విలువా ఎందుకు అంత ఉందో మనకే తెలిసి ఉంటుంది. ఇందులో ఓమ్ సూత్రానికి, వర్గమూలానికి మించిన గణితం దాదాపు అవసరం పడదు.

ఇక్కడ వివరిస్తున్నది స్టీరియో సెట్టు. చానెల్‌కు ఒక ఈఎల్84 పవర్ పెంటోడ్ (అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు), రెండు చానెళ్లకూ ఉమ్మడిగా ఒక ఈసీసీ83 (ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, అంటే మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులు), మొత్తం మూడు వాల్వులు. క్లాస్ ఏ, సింగిల్ ఎండెడ్ పద్ధతి, అంటే చానెల్‌కు ఒకే పవర్ వాల్వు, దానిలో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. రెండు వాల్వులు వంతులవారీగా పనిచేసే పుష్‌పుల్ పద్ధతిలో శక్తి ఎక్కువగా వస్తుంది కాని సిగ్నల్‌ను రెండు ఎదురు భాగాలుగా చేసే ఫేజ్ స్ప్లిట్టరు, జత కుదిరిన వాల్వులు కావాలి. 300బీ వంటి పెద్ద ట్రయోడ్ల ఖరీదు సంగతి అలా ఉంచినా, ఆ సర్క్యూట్లలో తిరిగే వోల్టేజీ మొదటిసారి చేసేవారికి తగినది కాదు.

స్పీకరు, దానికి చాలినంత శక్తి

స్పీకరు వెనక ముద్రించిన వాట్ల సంఖ్యను ప్రస్తుతానికి పక్కన పెట్టండి, అది స్పీకరు తట్టుకోగల హద్దు మాత్రమే. మనకు కావలసింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్ శబ్దం ఇచ్చే స్పీకరుకు మూడున్నర వాట్లు ఇస్తే 95 డెసిబెల్ దాటుతుంది. గదిలో పాట వినడానికి ఇది చాలు, పక్కింటివారికి ఎక్కువే. అదే 84 డెసిబెల్ చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకరైతే 89 దగ్గర ఆగిపోతుంది, డప్పుల దెబ్బ వచ్చినప్పుడు యాంప్లిఫయరు చేతులెత్తేస్తుంది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే కాబట్టి, మూడున్నర వాట్లను ఏడు చేయడానికి పడే పాట్లకన్నా సెన్సిటివ్ స్పీకరు వెతుక్కోవడం తేలిక. పాత రేడియోగ్రాములలోని పేపరు కోను స్పీకర్లు, నేటి ఫుల్‌రేంజ్ స్పీకర్లలో కొన్ని ఈ పనికి బాగా సరిపోతాయి.

వాల్వు సంగతి

పెంటోడ్‌ను ఫిలిప్స్ పరిశోధనశాలలో టెలెగెన్ 1926లో రూపొందించాడు. ఈఎల్84 ఆ కోవలో 1953 ప్రాంతంలో వచ్చిన చిన్న పవర్ వాల్వు, అమెరికాలో దాని పేరు 6బీక్యూ5, రష్యా రకం 6పీ14పీ. కరెంటుతో నడిచే ఎన్నో రేడియో సెట్లలో ఆఖరి వాల్వు ఇదే, వాక్స్ ఏసీ30 గిటారు యాంప్లిఫయరులో నాలుగు ఉంటాయి. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) దీన్ని తయారు చేసేది. బెల్ ముద్ర ఉన్న పాత నిల్వలు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. స్లొవాకియా, రష్యాలలో కొత్తవి తయారవుతున్నాయి కనుక పాతవాటి కోసం పాకులాడనవసరం లేదు.

వాల్వులో హీటరు కాథోడ్‌ను వేడి చేస్తుంది, కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటుకు పారతాయి, ఆ ప్రవాహాన్ని గ్రిడ్ అదుపు చేస్తుంది, స్క్రీన్ దానికి సాయపడే రెండో గ్రిడ్. డేటాషీటులో మనకు కావలసిన అంకెలు కొన్నే. హీటరుకు 6.3 వోల్టులు, 0.76 యాంపియర్లు. ప్లేటు వోల్టేజీ, స్క్రీన్ వోల్టేజీ రెండింటికీ గరిష్ఠ హద్దు 300. ప్లేటు మీద వేడిగా ఖర్చు కాగల శక్తి 12 వాట్లు, స్క్రీన్ మీద 2 వాట్లు. తయారీదారు సూచించిన సాధారణ అమరికలో 250 వోల్టుల దగ్గర ప్లేటు కరెంటు 48 మిల్లీయాంపియర్లు, స్క్రీన్ కరెంటు 5.5, కాథోడ్ రెసిస్టరు 135 ఓమ్‌లు. 250ని 48తో గుణిస్తే సరిగ్గా 12 వాట్లు, అంటే వాల్వు తన హద్దు మీదనే కూర్చుని ఉంటుంది.

ఆ అమరికను నేను సిఫారసు చేయను. మన లైన్ వోల్టేజీ 230 అని పేరే కాని, రాత్రి పొద్దుపోయాక 250 చూపించే వీధులు కొల్లలు. లైను పది శాతం పెరిగితే హెచ్‌టీ (వాల్వులకు అందే అధిక డీసీ వోల్టేజీ) పది శాతం పెరుగుతుంది, దాంతోపాటు కరెంటూ పెరుగుతుంది. హద్దు మీద ఉన్న వాల్వు పద్నాలుగు వాట్లు దాటుతుంది. అందుకని కాథోడ్ రెసిస్టరును 180 ఓమ్‌లు చేద్దాం. అప్పుడు కాథోడ్ దగ్గర సుమారు 8 వోల్టులు నిలుస్తాయి, మొత్తం కరెంటు 44 మిల్లీయాంపియర్ల చుట్టూ ఉంటుంది. అందులో స్క్రీన్ వాటా నాలుగున్నర తీసేస్తే ప్లేటుకు 40. 250 ఇంటూ 40 అంటే 10 వాట్లు. లైను 253కు ఎగబాకినా వాల్వు 12 చుట్టుపక్కలే ఆగుతుంది.

కాథోడ్ రెసిస్టరు మీద ఖర్చయ్యేది 0.36 వాటే అయినా 3 వాట్లది వేయండి, చల్లగా ఉంటే విలువ మారదు. దానికి సమాంతరంగా 470 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల కెపాసిటరు. గ్రిడ్ నుంచి గ్రౌండుకు 470 కిలోఓమ్‌లు. కాథోడ్ రెసిస్టరుతో వాల్వు కరెంటును నిలిపే ఈ రకం బయాస్‌లో ఒక మెగాఓమ్ దాటకూడదని డేటాషీటు చెబుతుంది. గ్రిడ్ పిన్నుకే నేరుగా అతికించిన 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరు, స్క్రీన్ పిన్నుకు 100 ఓమ్‌లు ఒక వాటు రెసిస్టరు తప్పనిసరి. ఈఎల్84 చురుకైన వాల్వు. ఇవి లేకపోతే చెవికి వినపడని పౌనఃపున్యంలో తనంతట తాను ఆసిలేట్ అవుతుంది. మనకు వినిపించేది కారణం తెలియని గరగర మాత్రమే.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు

డబ్బు, ఓపిక పెట్టవలసిన చోటు ఇదే. 40 మిల్లీయాంపియర్ల కరెంటు అటు సున్నా దాకా, ఇటు 80 దాకా ఊగగలదు. ఆ ఊపు 5,000 ఓమ్‌ల లోడ్ మీద పడితే 200 వోల్టుల శిఖరం వస్తుంది. 250 వోల్టుల ప్లేటు 50 దాకా దిగి రాగలదు కనుక ఇది వాల్వుకు సరిపోయే కొలత. శక్తి లెక్క: 0.04 వర్గాన్ని 5,000తో గుణించి రెండుతో భాగిస్తే 4 వాట్లు. ట్రాన్స్‌ఫార్మరు తీగల్లో పన్నెండు శాతం దాకా పోతే స్పీకరుకు చేరేది మూడున్నర. పెంటోడ్ ఆ శిఖరం దగ్గర బాగానే వంకరపోతుంది కనుక శుభ్రంగా వినిపించేది అందులో రెండు, రెండున్నర వాట్లే అనుకోండి.

స్పీకరు 8 ఓమ్‌లు, వాల్వుకు కనిపించవలసింది 5,000. వీటి నిష్పత్తి 625, దాని వర్గమూలం 25. అంటే ప్రైమరీ (వాల్వు వైపు) చుట్లు సెకండరీ (స్పీకరు వైపు) చుట్లకు ఇరవై అయిదింతలు ఉండాలి. ఇక్కడే ఒక ప్రలోభం ఎదురవుతుంది: 230 వోల్టులను 9 వోల్టులకు దించే మామూలు ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తి కూడా దాదాపు ఇంతే, కొట్టులో తక్కువ ధరకు దొరుకుతుంది. కాగితం మీద కుదిరినా అది పనికిరాదు. సింగిల్ ఎండెడ్ పద్ధతిలో 40 మిల్లీయాంపియర్ల డీసీ కరెంటు ప్రైమరీ గుండా ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మరులో ఇంగ్లీషు అక్షరాలు ఇ, ఐ ఆకారంలోని ఇనుప రేకులు ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా అల్లుకుని ఉంటాయి కనుక ఆ డీసీకే ఇనుము అయస్కాంత సంతృప్తికి చేరిపోతుంది, బాస్ మాయమవుతుంది. మనకు కావలసినదానిలో ఇ రేకులన్నీ ఒక వైపు, ఐ రేకులన్నీ మరో వైపు పేర్చి, మధ్యలో పలుచని కాగితం పెట్టి గాలి ఖాళీ వదలాలి.

సింగిల్ ఎండెడ్ ట్రాన్స్‌ఫార్మర్లు తయారుగా అమ్మేవారు ఉన్నారు. లేదంటే స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు చుట్టే వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు. వైండరుకు ‘ఆడియో ట్రాన్స్‌ఫార్మరు’ అని నోటిమాటగా చెబితే లాభం లేదు, కొలతలు రాసిన చీటీ ఇవ్వాలి. ఆ చీటీలో ఉండవలసినవి: కోర్ మధ్య కాలు, స్టాక్ మందం రెండూ 28 మిల్లీమీటర్ల చుట్టూ, అంటే మధ్య కాలు వైశాల్యం దాదాపు 8 చదరపు సెంటీమీటర్లు, ప్రైమరీ 3,000 చుట్లు, 0.2 మిల్లీమీటరు ఎనామెల్ రాగి తీగ. సెకండరీ 120 చుట్లు, 0.9 మిల్లీమీటరు తీగ. ఖాళీకి రాసుకునే కాగితం ఒక పొర, అంటే 0.1 మిల్లీమీటరు. ప్రైమరీని ఒకే ముద్దగా చుట్టకుండా 1,500 చుట్లు, దాని మీద సెకండరీ మొత్తం, దాని మీద మిగతా 1,500 చుట్లు అదే దిశలో చుట్టి, రెండు సగాలను సిరీస్‌లో కలపమని ప్రత్యేకంగా చెప్పాలి. ఈ శాండ్‌విచ్ పద్ధతి లేకపోతే రెండు చుట్ల మధ్య అయస్కాంత లీకేజీ పెరిగి తాళాల గలగల, ‘స’కారాల పదును తగ్గుతాయి. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇన్సులేషన్ కాగితం రెండు మూడు పొరలు ఉండాలి, ఎందుకంటే ఒక పక్క 270 వోల్టులు, మరో పక్క మనం చేత్తో తాకే స్పీకరు తీగ.

చుట్టి తెచ్చాక ప్రైమరీ నిరోధం మల్టీమీటరుతో కొలిస్తే 250 నుంచి 300 ఓమ్‌లు చూపించాలి. ప్రైమరీ ఇండక్టెన్సు 20 హెన్రీలు వస్తే, పెంటోడ్‌గా వాడినప్పుడు 40 హెర్ట్జ్‌ల దగ్గర 3 డెసిబెల్ తగ్గుదల ఉంటుంది. 10 హెన్రీలే వస్తే ఆ హద్దు 80కి జరుగుతుంది. పాత రేడియోలోంచి ఊడదీసిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు వాడితే మాట స్పష్టంగా, మృదంగం పల్చగా వినిపించడానికి కారణం ఇదే.

డ్రైవరు దశ

ఈఎల్84 గ్రిడ్‌కు నిండు శక్తి కోసం సుమారు 4 వోల్టుల ఆర్‌ఎంఎస్ (ఏసీ మీటరు చూపే విలువ) సిగ్నల్ కావాలి. ఫోను హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చేది అర వోల్టు, అటూ ఇటూ. ఈసీసీ83లో సగం చాలు. ప్లేటుకు 100 కిలోఓమ్‌లు, కాథోడ్‌కు 1.5 కిలోఓమ్‌లు. కాథోడ్‌కు బైపాస్ కెపాసిటరు వేయకండి, ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి వంకరను తగ్గించడం) రావలసింది అక్కడికే. ఆ కెపాసిటరు లేకుండా ఈ దశ దాదాపు 26 రెట్లు పెంచుతుంది. 240 వోల్టుల సప్లై మీద కరెంటు 0.85 మిల్లీయాంపియరు చుట్టూ ఉంటుంది కనుక ప్లేటు దగ్గర 155, కాథోడ్ దగ్గర 1.3 వోల్టులు కనిపించాలి.

రెండు దశలను కలిపే కప్లింగ్ కెపాసిటరు 0.047 మైక్రోఫారడ్ ఫిల్మ్ రకం, 630 వోల్టులది. ప్లేటు దగ్గర 155 వోల్టులే ఉన్నప్పుడు 630 ఎందుకని అడగవచ్చు. స్విచ్ వేసిన క్షణంలో వాల్వులు చల్లగా ఉంటాయి, కరెంటు తీసుకోవు, డయోడ్లు మాత్రం వెంటనే పూర్తి హెచ్‌టీని ఇచ్చేస్తాయి. ఆ పది పదిహేను సెకన్లపాటు మూడు వందలకు పైబడిన వోల్టేజీ అంతా ఈ కెపాసిటరు మీదే ఉంటుంది. ఇది లీకైతే పవర్ వాల్వు గ్రిడ్ పాజిటివ్ అయిపోయి వాల్వు కాలిపోతుంది. మిగతా చోట్ల పొదుపు చేసినా దీని విషయంలో చేయకండి.

ఇన్‌పుట్‌లో 100 కిలోఓమ్‌ల లాగ్ వాల్యూమ్ కంట్రోలు, అక్కడి నుంచి 10 కిలోఓమ్‌ల ద్వారా గ్రిడ్‌కు. ఫీడ్‌బ్యాక్ కోసం ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ ఒక కొసను గ్రౌండు చేసి, రెండో కొస నుంచి 47 కిలోఓమ్‌ల రెసిస్టరును ఈసీసీ83 కాథోడ్‌కు తీసుకెళ్లాలి. ఫీడ్‌బ్యాక్ లేకుండా మొత్తం గెయిన్ (సిగ్నల్ పెరిగే రెట్లు) సుమారు 46. 47 కిలోఓమ్‌లతో ఏడు, ఎనిమిది డెసిబెల్ ఫీడ్‌బ్యాక్ పడి అది 19కి దిగుతుంది, 0.3 వోల్టు ఇన్‌పుట్‌తో పూర్తి శక్తి వస్తుంది. ఇంతకన్నా ఎక్కువ ఫీడ్‌బ్యాక్ ఈ తరహా ట్రాన్స్‌ఫార్మరుతో భరించడం కష్టం.

పవర్ సప్లై

వెనక్కి నడుస్తూ చివరికి ఇక్కడికి చేరాం. ప్లేటుకూ కాథోడ్‌కూ మధ్య 250, కాథోడ్ దగ్గర 8, ప్రైమరీ తీగలో పోయేది 40 మిల్లీయాంపియర్లు ఇంటూ 280 ఓమ్‌లు అంటే 11. కలిపితే దాదాపు 270 వోల్టులు. కరెంటు రెండు చానెళ్లకు కలిపి 91 మిల్లీయాంపియర్లు.

220 వోల్టుల సెకండరీని, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయరుకు ఇస్తే శిఖరం 311, లోడ్ మీద 290 చుట్టూ నిలుస్తుంది. నాలుగు 1ఎన్4007 డయోడ్లు చాలు. ఈజెడ్81 వంటి రెక్టిఫయరు వాల్వు అందంగా ఉంటుంది కాని దానికి మధ్య ట్యాపు ఉన్న వైండింగు, అదనంగా ఒక యాంపియరు హీటరు కరెంటు కావాలి. మొదటి సెట్టుకు వద్దు. మొదటి కెపాసిటరు 100 మైక్రోఫారడ్లు, ఆ తరవాత 220 ఓమ్‌లు 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు, రెండో కెపాసిటరు 220 మైక్రోఫారడ్లు. ఆ రెసిస్టరులో 20 వోల్టులు పోయి సరిగ్గా 270 మిగులుతుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఇక్కడి నుంచే తీగ.

స్క్రీన్లకు మాత్రం ఇక్కడి నుంచి నేరుగా ఇవ్వకండి. పెంటోడ్‌లో ప్లేటు సప్లై మీదున్న అలజడి పెద్దగా స్పీకరుకు చేరదు, స్క్రీన్ మీదున్నది మాత్రం వాల్వు దాన్ని సిగ్నల్‌గానే తీసుకుని పెంచుతుంది. కనుక మరో 1 కిలోఓమ్, 47 మైక్రోఫారడ్ల దశ దాటించి ఇవ్వాలి. రెండు స్క్రీన్ల కరెంటుకు అక్కడ పోయేది 10 వోల్టుల దాకా, స్క్రీన్లకు 260 అందుతుంది. అక్కడి నుంచి 10 కిలోఓమ్‌లు, 22 మైక్రోఫారడ్లు దాటితే ఈసీసీ83కు 240.

కెపాసిటర్లన్నీ 450 వోల్టులవే కావాలి. లైను 253 ఉన్నప్పుడు, వాల్వులు ఇంకా వేడెక్కకముందు, లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ 260 దాటగలదు. దాని శిఖరం 370కి పైమాటే. 350 వోల్టుల కెపాసిటరు ఎండాకాలం ఒక సాయంత్రం పేలడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. మొదటి కెపాసిటరుకు అడ్డంగా 100 కిలోఓమ్‌లు 3 వాట్ల రెసిస్టరు వేయండి, స్విచ్ తీశాక నిల్వ చార్జి కారిపోవడానికి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరుకు చీటీ ఇలా రాయాలి: ప్రైమరీ 230, సెకండరీ 220 వోల్టులు, 200 మిల్లీయాంపియర్లు, రెండో సెకండరీ 6.3 వోల్టులు, 3 యాంపియర్లు. ప్రైమరీకీ సెకండరీలకూ మధ్య రాగి రేకు షీల్డు, దాని కొస ఎర్త్‌కు. డీసీ 91 అయితే ఏసీ 200 ఎందుకంటే, కెపాసిటరు ప్రతి అర చక్రంలోనూ శిఖరం దగ్గర మాత్రమే గుటకలు వేస్తుంది, వైండింగులో పారే ఆర్‌ఎంఎస్ కరెంటు దాదాపు 1.8 రెట్లు అవుతుంది. మెయిన్స్ వైపు 0.5 యాంపియరు స్లోబ్లో ఫ్యూజు, హెచ్‌టీ వైపు 250 మిల్లీయాంపియర్ల ఫ్యూజు. లైన్ నుంచి నేరుగా రెక్టిఫై చేస్తే ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తప్పుతుందనే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి, అందులో చాసిస్ లైవ్ అవుతుంది, అంటే లోహపు పెట్టెకే కరెంటు వస్తుంది.

ప్రాణానికి సంబంధించినవి

300 వోల్టుల డీసీ చంపగలదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే ఆపే బ్రేకరు) ఉందన్న ధీమా ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ లైన్ నుంచి వేరుపడి ఉంటుంది. హెచ్‌టీకీ చాసిస్‌కూ మధ్య మీ చెయ్యి పడితే ఆ బ్రేకరుకు తెలియను కూడా తెలియదు. మూడు పిన్నుల ప్లగ్గు, చాసిస్‌కు స్క్రూతో బిగించిన ఎర్త్ తీగ, గోడ సాకెట్టులో నిజంగా పనిచేసే ఎర్తింగు, ఈ మూడూ ఉండాలి. స్విచ్ తీసి, ప్లగ్గు పీకి, రెండు నిమిషాలు ఆగి, మీటరు నెగెటివ్ క్లిప్పును చాసిస్‌కు తగిలించి ఒక్క చేత్తోనే ప్రతి కెపాసిటరూ కొలిచాకే లోపల వేలు పెట్టండి. పిల్లలు తిరిగే ఇంట్లో వాల్వుల మీద జాలీ మూత పెట్టాలి, గాజు వేడికి చర్మం కాలుతుంది.

కట్టడం

రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం చాసిస్, సిరామిక్ తొమ్మిది పిన్నుల బేసులు, ట్యాగ్ స్ట్రిప్పులు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీటు, బెంగళూరులో ఎస్పీ రోడ్డు తిరిగితే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప చాలావరకు దొరుకుతాయి. పిన్నులను బేసు కింది వైపు నుంచి, ఖాళీ ఉన్న చోట మొదలుపెట్టి గడియారం దిశలో లెక్కించాలి. ఈఎల్84లో 2 గ్రిడ్, 3 కాథోడ్, 4, 5 హీటరు, 7 ప్లేటు, 9 స్క్రీన్. 1, 6, 8 లోపల వేరే భాగాలకు తగిలి ఉండవచ్చు, వాటిని ట్యాగులుగా వాడకండి. ఈసీసీ83లో ఒక సగానికి 1, 2, 3, రెండో సగానికి 6, 7, 8 వరసగా ప్లేటు, గ్రిడ్, కాథోడ్. హీటరుకు 4, 5 కలిపేసి ఒక తీగ, 9కి రెండో తీగ.

హీటరు తీగలను జడలా పేని, చాసిస్ మూలల వెంబడి నడపాలి. ఆ వైండింగు రెండు కొసల నుంచీ చెరొక 100 ఓమ్‌ల రెసిస్టరు గ్రౌండుకు వెళ్లాలి. ఇది మరిచిపోతే గుంయిమనే హమ్మును ఎంత వెతికినా పట్టుకోలేరు. బ్రిడ్జి నెగెటివ్ కొసను ముందు మొదటి కెపాసిటరు నెగెటివ్‌కే కలిపి, అక్కడి నుంచి ఒకే తీగతో, గ్రౌండు తీగలన్నీ చాసిస్‌కు కలిసే చుక్కకు తేవాలి. బ్రిడ్జి నెగెటివ్‌ను నేరుగా చాసిస్ మీద ఎక్కడో ఒకచోట వేస్తే కెపాసిటరు నింపే కరెంటు దూకుళ్లు ఇన్‌పుట్ గ్రౌండు గుండా పోతాయి.

ట్రాన్స్‌ఫార్మర్లకు రంధ్రాలు వేసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరును మాత్రమే, సెకండరీ కొసలన్నీ విడివిడిగా ఇన్సులేట్ చేసి, కరెంటుకు కలపండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దేనికీ కలపకుండా, దాని సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, చాసిస్ మీద దాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో హమ్ము దాదాపు చచ్చిపోతుంది, సాధారణంగా రెండు కోర్లు లంబంగా ఉన్నప్పుడు. అక్కడే గుర్తు పెట్టి రంధ్రం వేయండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బు ఇక్కడ అక్కరకొస్తుంది. 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి, వాల్వులు లేకుండా స్విచ్ వేయండి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే సరే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. సరే అనుకున్నాక బల్బు తీసేసి హెచ్‌టీ, హీటరు వోల్టేజీలు చూసుకుని, చార్జి కారిపోయేదాకా ఆగి, వాల్వులు పెట్టండి. స్పీకరు స్థానంలో 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టరు తగిలించండి. లోడ్ లేకుండా ఈ యాంప్లిఫయరుకు సిగ్నల్ ఇవ్వకూడదు, ప్రైమరీలో లేచే వోల్టేజీ ఇన్సులేషన్‌ను చీల్చగలదు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టరును ఇంకా కలపవద్దు.

ఒక నిమిషం తరవాత ఈఎల్84 కాథోడ్ దగ్గర 7.5 నుంచి 8.5 వోల్టులు కనిపించాలి. 10 దాటితే వెంటనే ఆపి గ్రిడ్ పిన్ను దగ్గర డీసీ కొలవండి. అక్కడ సున్నాకు బదులు పాజిటివ్ వోల్టేజీ ఉంటే కప్లింగ్ కెపాసిటరు లీకవుతోంది లేదా వాల్వు చెడింది. ప్లేటు ఎర్రబారడం కనిపిస్తే కొలతల కోసం ఆగనే వద్దు. హీటరు వోల్టేజీ లోడ్ మీద 5.7కూ 6.9కూ మధ్య ఉండాలి.

అన్నీ కుదిరాక పనికిరాని పాత స్పీకరుతో చిన్న వాల్యూమ్‌లో పాట వినండి, స్విచ్ తీసి 47 కిలోఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ కలిపి మళ్లీ వినండి. శబ్దం కొద్దిగా తగ్గి శుభ్రపడితే దిశ సరైనదే. కీచుమని అరిస్తే ఆపేసి, ఆ చానెల్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ తీగలు రెండింటినీ అటూ ఇటూ మార్చండి. రెండు చానెళ్ల ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకేలా చుట్టినవైతే రెండింటికీ ఒకే మార్పు పడుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఇష్టం లేనివారు స్క్రీన్‌ను సప్లై నుంచి విడదీసి, 100 ఓమ్‌ల ద్వారా ప్లేటుకే కలిపి వాల్వును ట్రయోడ్‌గా వాడవచ్చు. శక్తి రెండు వాట్లలోపుకు పడిపోతుంది, కాని వాల్వు అంతర్నిరోధం సుమారు 40 కిలోఓమ్‌ల నుంచి 2 కిలోఓమ్‌లకు దిగుతుంది కనుక అదే ట్రాన్స్‌ఫార్మరుతో బాస్ ఇంకా కిందికి దిగుతుంది, స్పీకరు కోను మీద పట్టు పెరుగుతుంది. గాత్రం, వీణ ఎక్కువగా వినేవారికి, 92 డెసిబెల్‌కు పైబడిన స్పీకర్లు ఉంటే, నా మొగ్గు దీనివైపే.

ఇంకా హమ్ము మిగిలితే స్విచ్ తీసి ఈసీసీ83ను పీకి చూడండి. హమ్ము పోతే లోపం ఇన్‌పుట్ తీగలలోనో, హీటరు గ్రౌండులోనో ఉంది, ముందు వాల్యూమ్ కంట్రోలు లోహపు ఒంటిని గ్రౌండు చేసి చూడాలి. అలాగే ఉండిపోతే స్వరం గమనించండి: లోతైన 50 హెర్ట్జ్‌ల గుంయికారం అయితే మెయిన్స్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య దూరం పెంచాలి, దానికి రెండింతలున్న బరకైన 100 హెర్ట్జ్‌ల మోత అయితే స్క్రీన్ దశలోని 47 మైక్రోఫారడ్లను 100 చేయాలి.